అనుమతి లేని నవ్వు

సాంగ్లీ,
12 జనవరి 1998

చిరంజీవి మోరూకు ఆజీ అనేక ఆశీర్వాదాలు.

నిన్న సాయంత్రం పక్కింటి లిమయే వహిని ఇంట్లో నీ టీవీ నాటకం చూశాను. మన టీవీలో బొమ్మ వస్తే మాట రాదు, మాట వస్తే బొమ్మ రాదు కనుక దానిమీద గుడ్డ కప్పి, పైన గణపతిని కూర్చోబెట్టాను. ఆయన పనితీరు మెరుగ్గా ఉంది.

నువ్వు వేసిన పోస్టాఫీసు జోషీ గుమాస్తాను చూడడానికి ఆ గదిలో పదకొండుమంది చేరారు. లిమయే వహిని తన చుట్టాలకు నన్ను పరిచయం చేస్తూ, "ఈవిడే జోషీ గుమాస్తా వాళ్ళ ఆజీ" అంది. ముప్ఫై ఒక్క సంవత్సరం ఈ ఊళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పి, అందులో పన్నెండేళ్ళు ప్రధానోపాధ్యాయినిగా ఉండి, గోగటే బాయి అంటే మార్కెట్ యార్డు దాకా తెలిసేలా బతికాను. నువ్వు ఒక్క ఏడాదిలో నన్ను పోస్టాఫీసులో చేర్చావు. సంతోషం.

కోపంతో అనడం లేదు. నా మనవడివి, ముప్ఫై నాలుగేళ్ళు వచ్చాయి నీకు. పన్నెండేళ్ళు ఆ బొంబాయిలో ఏమేం వేశావో నా దగ్గర లెక్కుంది. ఒకసారి శవంగా వేశావు, తెర లేచాక తుమ్మావు. కోర్టు బంట్రోతువయ్యావు. ఐదు నాటకాల్లో పెళ్ళికొడుకు స్నేహితుడివి, ఒక్క పెళ్ళిలోనూ నీకు భోజనం పెట్టలేదు. ఇప్పుడు మనిషిగా కనిపిస్తున్నావు, మాట వినిపిస్తోంది. జోషీ గుమాస్తా కవరు అంటించబోయి తన వేలు అంటించుకున్నప్పుడు లిమయే వహిని చేతిలోని టీ ఒలికింది.

నీ మొదటి ఆట గుర్తుందా? ఏడో తరగతిలో నా కుర్చీ ఎక్కి, నా గొంతుతో, నా కళ్ళద్దాల మీంచి చూస్తూ హాజరు పిలిచావు. క్లాసంతా పొట్టలు పట్టుకుంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నానని చూడగానే నలభైమంది నవ్వూ కొళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. నీచేత గుంజీళ్ళు తీయించాను. అంతకుముందు రెండు నిమిషాలు ఆ గుమ్మంలో చప్పుడు చేయకుండా ఎందుకు నిలబడ్డానో నువ్వు ఎప్పుడూ అడగలేదు.

ఇంకో సంగతి. ఆ టీవీ లోపల నవ్వేది ఎవరు? నువ్వు నోరు తెరవకముందే ఒకావిడ కిలకిలమంటుంది. ప్రతివారం ఆవిడే. ఏదైనా జబ్బా?

లిమయే వాళ్ళబ్బాయి చేత భడంగ్ మరమరాలు పంపుతున్నాను. వెల్లుల్లి ఎక్కువ వేయించాను. తిన్నాక మైకు దగ్గరికి వెళ్ళకు.

నీ ఆజీ

*

గిర్‌గావ్, ముంబై,
24 జనవరి 1998

తీర్థస్వరూప ఆజీకి మోరూ సాష్టాంగ నమస్కారాలు.

ఆజీ, ముందు కూర్చో. కూర్చున్నావా? నాకు నాటకంలో ప్రధాన పాత్ర వచ్చింది. నాటకం పేరు 'తాళంచెవి తాత్యా దగ్గరుంది'. ఆ తాత్యాను నేనే. కూతురి నిశ్చితార్థం రోజున తాత్యా ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఎక్కడో పారేసుకుని, మగపెళ్ళివారితో కలిసి తన ఇంటి మెట్లమీదే రెండు గంటలు ఇరుక్కుపోతాడు. అంతే కథ. రెండు అంకాలూ ఆ మెట్లమీదే. నేను తెర లేచినప్పటి నుంచి పడేదాకా స్టేజీ దిగను. పన్నెండేళ్ళుగా, ఆట మొదలయ్యే మూడో గంట కొట్టాక స్టేజీ పక్క చీకటి రెక్కలో నిలబడి ఇంకొకరు లోపలికి వెళ్ళడం చూశాను. ఫిబ్రవరి ఒకటిన దాదర్‌లో, మధ్యాహ్నం నాలుగింటి ఆటకు, ఆ వెళ్ళేది నేను.

నిర్మాత దాతార్ సాహెబ్. ముఖంలో నవ్వు లేని మనిషి. ముప్ఫై ఏళ్ళుగా హాస్యనాటకాలే తీస్తున్నారు. పాత్ర ఇస్తూ, "టీవీలో నిన్ను చూసి టిక్కెట్టు కొంటారు. నవ్వేది మాత్రం నిన్ను స్టేజీమీద చూసే" అన్నారు.

నువ్వడిగిన ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఎక్కడో ఒకసారి నవ్వి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ నవ్వు టేపులో ఉంది, మావాళ్ళు కావలసిన చోట అతికిస్తారు. మేము ఆట ఆడేది ఖాళీ గదిలో. నేను మాట అనేస్తాను, వెంటనే ఇంకో మాట అనేస్తాను, నవ్వు తర్వాత వస్తుంది. మా దర్శకుడు అంటాడు, ఇంట్లో కూర్చున్నవాడికి ముందుగా నవ్వడానికి ధైర్యం చాలదట. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి, అప్పుడు అందరూ నవ్వుతారట.

స్టేజీమీద ఆవిడ ఉండదు, ఆజీ. అదే నా భయం.

నీ మోరూ

*

గిర్‌గావ్,
20 ఫిబ్రవరి 1998

తీర్థస్వరూప ఆజీకి నమస్కారాలు.

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేదని తిట్టావు. రాయడానికి చేయి రాలేదు. ఎనిమిది ఆటలయ్యాయి. జనం వస్తున్నారు. జోషీ గుమాస్తా వచ్చాడని తెర లేవగానే చప్పట్లు కొడుతున్నారు. ఆ తర్వాత మర్యాదగా కూర్చుంటున్నారు. గుళ్ళో కూర్చున్నట్టు. అక్కడక్కడా చిన్న నవ్వు లేస్తుంది, నేను అప్పటికే తర్వాతి మాటలో ఉంటాను. ఆ మాట వినబడాలని వాళ్ళు నవ్వు మింగేస్తారు. టీవీ అలవాటు. కాళ్ళు ఆగవు, నోరు ఆగదు. దాతార్ సాహెబ్ రెక్కలో నిలబడి, "నువ్వు రైలుకు వెళ్తున్నావు, తాత్యా ఎక్కడికీ వెళ్ళడం లేదు" అంటారు. ఆగుదామని ఆగితే ఇంకా నిశ్శబ్దం.

నిన్న ఆయన గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపించారంటే సంగతి మంచిది కాదు. ఇరవై అయిదో ఆట దాకా చూస్తారట. అప్పటికీ ఇలాగే ఉంటే తాత్యా వేషం బోరవణ్‌కర్‌కు ఇస్తారట. బోరవణ్‌కర్ మంచి నటుడు, మంచి మనిషి. అయినా అతని ముఖం చూస్తే చాలు, నాకు తిట్టాలనిపిస్తోంది.

మార్చిలో యాత్ర. కొల్హాపూర్, తర్వాత సాంగ్లీ. మన ఊరి ఆట మార్చి 15 ఆదివారం, నాలుగింటికి. అది పదిహేడో ఆట. నా ఊళ్ళో నా ఆజీ ముందు కూడా ఎవరూ నవ్వకపోతే నేను ఆ మెట్లమీదే ఉండిపోతాను, తెర వేయవద్దని చెప్తాను.

మోరూ

*

సాంగ్లీ,
25 ఫిబ్రవరి 1998

చిరంజీవి మోరూకు ఆశీర్వాదాలు.

ఏడుపు ఆపు. నాటకం పుస్తకం ఒక ప్రతి వెంటనే పంపు. పేజీలు పోకుండా, పేజీ నంబర్లతో. ఎందుకని అడగకు.

నాకు ఈ మధ్య కొంచెం పని ఉంది కనుక పెద్ద ఉత్తరం రాయలేను.

ఆజీ

తా.క. ఆ టేపులో నవ్వే ఆవిడ విషయం చదివాను. తెలివైన ఏర్పాటే.

*

గిర్‌గావ్,
16 మార్చి 1998

తీర్థస్వరూప ఆజీకి, నా సాంగ్లీకి, సాంగ్లీ నాట్యగృహంలోని ప్రతి కుర్చీకీ సాష్టాంగ నమస్కారం.

ఆజీ! యాత్ర బస్సు దిగి కాళ్ళు కడుక్కోకుండా రాస్తున్నాను. ఆట కాగానే బస్సు బయలుదేరదీశారు, నీ కాళ్ళకు దణ్ణం పెట్టి అటుకుల చీవుడా పొట్లం పుచ్చుకోవడం తప్ప మాట్లాడుకోలేదు. అసలు నేను మాట్లాడే స్థితిలో లేను. నువ్వు విన్నావా ఆ నవ్వు? మొదటి అంకంలోనే ఇరవై రెండు నవ్వులు. నేను లెక్కపెట్టాను. చిన్న నవ్వు కావలసిన చోట చిన్నది, పెద్దది కావలసిన చోట పెద్దది. అందరూ ఒక్కసారి మొదలుపెట్టి ఒక్కసారి ఆగిపోయారు. అలాంటి ప్రేక్షకులను నా జన్మలో చూడలేదు. దాతార్ సాహెబ్ రెక్కలో నిలబడి, "మరాఠీ నాటకం పుట్టిన ఊరు. వీళ్ళకు తర్ఫీదుంది" అన్నారు. ఆయన ముఖంలో ఒకటి కదిలింది, అది నవ్వేనని మా లైట్ల అతను అంటున్నాడు.

నాకు రహస్యం దొరికింది. సాంగ్లీ జనం మాట విన్నాక సరిగ్గా మూడు లెక్కపెట్టేంత సేపు ఆగి నవ్వారు. మాట లోపలికి దిగడానికి అంత సేపు పడుతుందన్నమాట. ఇన్నాళ్ళూ నేను ఆగలేదు, అదీ నా తప్పు. రాత్రంతా బస్సులో కూర్చుని పుస్తకంలో గీతలు గీశాను, సాంగ్లీలో ఎక్కడెక్కడ నవ్వారో అక్కడల్లా మూడు లెక్క. ఇకనుంచి ప్రతి ఊళ్ళో ఇదే లెక్క. దాతార్ సాహెబ్ సరేనన్నారు.

ఒక్క తప్పు జరిగింది, అది నువ్వు పట్టుకునే ఉంటావు. రెండో అంకంలో నేను నా ఇంటి గంట నేనే కొట్టి, లోపల ఎవరూ లేరని గుర్తొచ్చి పెళ్ళాన్ని తిట్టాలి. నిన్న ఆ నవ్వుల మత్తులో తిట్టు మర్చిపోయాను. గంట మోగింది, నా నోట్లోంచి ఏదో వచ్చింది, ఏదో వెతికాను, హాల్లో గోల. నా అవస్థ చూసి నవ్వి ఉంటారు. ఆ తర్వాత మాట అందింది. ఇక అలా జరగనివ్వను, ఆ పేజీ పది సార్లు వల్లించాను.

నువ్వు పుస్తకం ఎందుకడిగావో అర్థమైంది, ఆజీ. చెవులు తగ్గుతున్నాయని ముందే చెప్పవచ్చుగా? అందుకే నిన్న ప్రతి మాటా నీకోసం గట్టిగా అరిచి చెప్పాను. ముందు వరసలో ఎక్కడో టక్కు టక్కుమని చప్పుడు వస్తూనే ఉంది, ఆ హాలు చెక్కనేల బాగు చేయించాలి.

నీ ఆనందాల మోరూ

*

సాంగ్లీ,
24 మార్చి 1998

చిరంజీవి మోరూకు ఆశీర్వాదాలు.

నా చెవులకు ఏ రోగమూ లేదు. లిమయే వహిని తన వంటింట్లో నాగురించి అనే ముక్కలన్నీ నా వంటింట్లోకి వినబడతాయి. నువ్వు తాత్యాగా ఎందుకలా అరుస్తున్నావో నాకూ అర్థం కాలేదు. కూతురి నిశ్చితార్థమా, ఓడరేవులో కూలి పనా అనుకున్నాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీకొక సంగతి చెప్పాలని కూర్చున్నాను. రెండు కాగితాలు రాసి చింపాను. నా చేత్తో రాసింది నేను చింపడం ఇదే మొదటిసారి, ఇన్నాళ్ళూ మీవే చింపేదాన్ని.

ఇంతమాత్రం చెప్తాను. సాంగ్లీ నవ్వును మరీ నమ్మకు. ఆ మూడు లెక్కలవీ కట్టిపెట్టు. ఈ ఊరివాళ్ళు మంచివాళ్ళు, చెప్పిన మాట వింటారు. అంతకంటే నాటకం గురించి వాళ్ళకు తెలిసింది తక్కువ.

వేసవి మొదలైంది. పచ్చిమామిడి పన్హా తాగు.

ఆజీ

*

గిర్‌గావ్,
5 ఏప్రిల్ 1998

ఆజీకి మోరూ నమస్కారాలు.

నీ ఉత్తరం చేరింది. నీకు నేను నచ్చలేదని తిన్నగా రాయవచ్చు. ఊరు ఊరంతా నవ్వింది, నువ్వు నవ్వలేదు. నేను చూశాను. ముందు వరసలో గొడుగు నిలబెట్టి పట్టుకుని, పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు కూర్చున్నావు. ఒక్కొక్కసారి ఒడిలోకి తొంగి చూశావు. నా మొహం చూడడం కంటే పుస్తకం చూడడం నయమనిపించింది కాబోలు. ఇప్పుడు ఊరి నవ్వు కూడా అబద్ధమంటున్నావు.

నువ్వు సంతోషించే కబురే చెప్తాను. మూడు లెక్క ఎక్కడా పనిచేయలేదు. పుణేలో మాట అని నోరు తెరుచుకుని ఆగాను. ఒకటి, రెండు, మూడు. వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి చాలా మర్యాదగా, "మాట మర్చిపోయారా? మేం ఆగుతాం, పరవాలేదు" అన్నాడు. దానికి నవ్వారు. ఆ ఆటలో అదొక్కటే నవ్వు, అది కూడా నాది కాదు. దాదర్‌లో మళ్ళీ గుడి. ఇరవై రెండు ఆటలయ్యాయి. మూడున్నాయి. ఇరవై అయిదోది ఏప్రిల్ 18, శనివారం. బోరవణ్‌కర్ పొద్దున్నపూట రిహార్సలుకు వస్తున్నాడు. నన్ను చూసి తల దించుకుంటున్నాడు, నాకు అదే భరించడం కష్టంగా ఉంది.

టీవీలో జోషీ గుమాస్తా ఉన్నాడు, తిండికి లోటుండదు. కానీ ఖాళీ గదిలో మాట్లాడుతూ, ఎప్పుడో నవ్వి వెళ్ళిపోయిన ఆవిడ నవ్వు తగిలించుకుని బతకాలి. బొంబాయి వచ్చింది అందుకు కాదు.

మోరూ

*

సాంగ్లీ,
9 ఏప్రిల్ 1998
స్పీడ్ పోస్టు

చిరంజీవి మోరూ,

ఆశీర్వాదాలు తర్వాత. ఇది నిలబడి చదవకు, కూర్చుని చదువు. చదివాక నన్ను ఏమన్నా పడతాను, ఒక్కసారికి.

సాంగ్లీ నవ్వు నాది. నేను పెట్టించాను.

ఎవరో ఒకరు మొదలుపెట్టాలని మీ దర్శకుడు అన్నాడుగా. ముప్ఫై ఒక్క సంవత్సరం నేను చేసిన పని అదే. నేను మొదలుపెడితే అందరూ చేసేవారు. నా పాత విద్యార్థులు ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో కూర్చుని రాశాను. ఎనభై ఆరుమంది కబురందిన రోజునే వచ్చారు. వకీలు, డాక్టరు, పసుపు వ్యాపారులు ఇద్దరు, తహసీల్ కచేరీ వాళ్ళు, నీ క్లాసులో నీ వెనక బెంచీ వాడు కూడా. భార్యాభర్తలను, పిల్లలను, తమ్ముళ్ళను వెంట తెమ్మన్నాను. తెచ్చారు. హాలంతా వాళ్ళే.

నువ్వు పంపిన పుస్తకంలో ఎక్కడెక్కడ నవ్వాలో నేను గుర్తులు పెట్టాను. లిమయే వాళ్ళ పెరట్లో రెండు ఆదివారాలు సాధన చేయించాను. గొడుగు ఒకసారి కొడితే చిన్న నవ్వు, రెండుసార్లు కొడితే పెద్ద నవ్వు, అడ్డంగా ఒళ్ళో పెట్టుకుంటే ఆపాలి. చెక్కనేలకు ఏ జబ్బూ లేదు నాయనా. వామన్ ఖరే గుర్తున్నాడా, ఇప్పుడు జిల్లా కోర్టులో పెద్ద వకీలు, యాభై ఒకటో ఏడు, వాడు చేయి ఎత్తి నిలబడి, "బాయీ, మొదటి అంకంలో పద్నాలుగో నవ్వు చిన్నదా, పెద్దదా?" అని అడిగి రాసుకున్నాడు. డాక్టర్ పేండ్సే తన పొట్టకు కుట్లు పడ్డాయని, పెద్ద నవ్వులనుంచి మినహాయింపు కావాలని చీటీ తెచ్చాడు. ఇచ్చాను.

నీ మూడు లెక్క రహస్యం ఇంతే. నువ్వు మాట అనాలి, నేను పుస్తకంలో చూడాలి, గొడుగు కొట్టాలి, అది వెనక వరసకు వినబడాలి, వాళ్ళు నోళ్ళు తెరవాలి. దానికి మూడు పడుతుంది. నువ్వు ఆ మూడును పుణే తీసుకెళ్ళావు. నా గొడుగు లేకుండా.

ఆ రోజు నీ ఉత్తరం చూసి చెప్పబోయాను. నువ్వు అంత సంతోషంగా ఉన్నావు. నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడం ఏమిటని నువ్వు నమ్మలేకపోవచ్చు, నేనూ నమ్మలేదు. నవ్వలేదని నన్ను అన్నావు. నాకు తీరికెక్కడిది? ఒక కన్ను పుస్తకంమీద, ఒక కన్ను నీమీద, చేయి గొడుగుమీద. అంత పని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా చేయలేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. ఇది చెప్పడానికే స్పీడ్ పోస్టు.

రెండో అంకంలో నువ్వు తప్పు చేశానన్న చోటు. నువ్వు మెట్లమీద నిలబడి నీ ఇంటి గంట నువ్వే కొట్టావు. పుస్తకంలో తిట్టు ఉంది, నా గుర్తు ఆ తిట్టుకు ఉంది. నువ్వు తిట్టలేదు. గంట మోగగానే, వీధిలో నిలబడ్డవాడివి, "ఆ, వస్తున్నా, వస్తున్నా" అన్నావు. అని ఊరుకోలేదు. వంగి చెప్పులకోసం కాళ్ళతో తడిమావు. ఒక చెప్పు దొరికింది. రెండోది వెతుకుతూ తలుపువైపు, "ఒక్క నిమిషం ఆగండయ్యా, తీస్తున్నాగా" అని విసుక్కున్నావు.

నేను గొడుగు కొట్టలేదు. అది నా మోకాళ్ళ మధ్యలోంచి జారి కింద పడింది, నాకు తెలియలేదు. ఎందుకంటే నేను నవ్వుతున్నాను, మోరూ. కళ్ళద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే హాలు హాలంతా ఊగిపోతోంది. ఎవరూ నావైపు చూడడం లేదు. డాక్టర్ పేండ్సే పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, కుట్ల సంగతి మర్చిపోయి. మూడు లెక్కా లేదు, నాలుగు లెక్కా లేదు. నువ్వు "వస్తున్నా" అనేసరికే లేచింది.

ఆట అయ్యాక వామన్ ఖరే వచ్చి, తల వంచుకుని, "బాయీ, రెండో అంకంలో ఒకచోట మీరు కొట్టలేదు. మేం అనుమతి లేకుండా నవ్వాం. క్షమించాలి" అన్నాడు.

అది నువ్వు కావాలనే చేశావనుకున్నాను, తెలుసా? మీ ఆజోబాది కదా అది. నలభై రెండేళ్ళ సంసారంలో ఆయన తాళంచెవి మర్చిపోని వారం లేదు. నేను బడినుంచి వచ్చేసరికి గుమ్మంముందు నిలబడి ఉండేవారు. తన గంట తనే కొట్టుకుని, "వస్తున్నా" అనేవారు, తను లోపలుంటే బయట ఎవరో పిలిచినట్టు. నువ్వు ఎనిమిదేళ్ళవాడివి, బస్తా భుజాన వేసుకుని ఆయన పక్కన మెట్టుమీద కూర్చునేవాడివి. నీకు గుర్తులేదు. నీ నోటికి గుర్తుంది.

దాన్ని తప్పు అని తీసేశావు. నేను పెట్టించిన ఇరవై రెండూ పుస్తకంలో గీతలు గీసి దాచుకున్నావు, నీ సొంతది పారేశావు.

నేను నీకు చేసింది తప్పే. బడిలో కాపీ కొట్టించినవాళ్ళను నేను బయటికి పంపేదాన్ని. ఈ వయసులో నీకు నేనే చీటీ అందించాను. కానీ ఒక్క జవాబు నువ్వు రాసిందే. దానికి మాత్రం నేను మార్కులు వేయగలను.

18వ తేదీ గంట కొట్టు. తర్వాత ఏం చేయాలో ఆలోచించకు.

ఆజీ

*

గిర్‌గావ్,
19 ఏప్రిల్ 1998

తీర్థస్వరూప ఆజీకి మోరూ సాష్టాంగ నమస్కారం. నేలమీద పడుకునే రాస్తున్నాను.

నీ ఉత్తరం చేరింది. రెండో రోజు నీకు జవాబు రాశాను, అది పంపనందుకు దేవుడికి కొబ్బరికాయ కొట్టాలి. ఇరవై నాలుగో ఆటకు మూడు లెక్కలు మానేశాను, గంట దగ్గర మాత్రం భయపడి పుస్తకంలో ఉన్న తిట్టే తిట్టాను. గుడి. ఇక పోయేదేముందని నిన్న పొద్దున్న నీ ఉత్తరం దాతార్ సాహెబ్‌కు చదివి వినిపించాను. వేషం పోతే పోనీ, మోసం మా ఇంటిదని ఆయనకు తెలియాలి అనుకున్నాను. ఆయన కదలకుండా విన్నారు. "పద్నాలుగో నవ్వు చిన్నదా, పెద్దదా" దగ్గర కుర్చీ చేయి పట్టుకున్నారు. డాక్టర్ చీటీ దగ్గర లేచి కిటికీ వైపు తిరిగారు. వీపు కదలడం చూశాను. చివరిదాకా విని, "ఆ వస్తున్నా అన్నది చేసి చూపించు" అన్నారు. నాకు రాలేదని చెప్పాను. నిజంగా రాలేదు. "అయితే ఆటలోనే చూస్తాను" అన్నారు.

మూడో గంట మోగింది. నేను లోపలికి వెళ్ళాను. మొదటి అంకం పుస్తకంలో ఉన్నట్టు నడిచింది, నేనేమీ లెక్కపెట్టలేదు. అక్కడక్కడా నవ్వు వచ్చింది, వచ్చినప్పుడు ఆగాను, రానప్పుడు వెళ్ళాను. రెండో అంకం. మగపెళ్ళివారు వెనక నిలబడి ఉన్నారు. నేను మెట్లెక్కి గంట కొట్టాను.

ఆజీ, ఆ గంట చప్పుడు మన ఇంటి గంట చప్పుడులా వినబడింది. నా పక్కన ఆజోబా చేతిసంచీ, దాంట్లోంచి కొత్తిమీర వాసన. నా కాళ్ళు వాటంతట అవే చెప్పుల కోసం వెతికాయి. "ఆ, వస్తున్నా, వస్తున్నా."

బాల్కనీలో ఒకావిడ మొదలుపెట్టింది. ఒక్కతే. ఎవరూ అతికించిన నవ్వు కాదు, అప్పుడే పుట్టింది, కాస్త బొంగురుగా కూడా ఉంది. తర్వాత ఆమె పక్కవాళ్ళు, తర్వాత కింద అంతా. నేను ఆగాలని ఆగలేదు. మాట్లాడడానికి చోటు లేక ఆగాను. రెండో చెప్పు దొరికాక, మగపెళ్ళివారిలో ఒకడివైపు తిరిగి, "లోపల ఎవరో ఉన్నారండీ, వస్తున్నానంటున్నారు" అన్నాను. అది పుస్తకంలో లేదు. ఎవరిదో తెలియదు. హాలు మళ్ళీ లేచింది. అక్కడినుంచి తెర పడేదాకా వాళ్ళు నాతోపాటు ఆ మెట్లమీదే ఉన్నారు. చిన్న మాటకు నవ్వారు, మాట లేనిచోట నవ్వారు. తాళంచెవి చివరికి నా చెవిమీదే దొరికినప్పుడు ఎవరో కుర్చీలోంచి పడ్డారని గేటు దగ్గర అతను ప్రమాణం చేసి చెప్తున్నాడు.

తెర పడ్డాక రెక్కలో బోరవణ్‌కర్ నిలబడి ఉన్నాడు. తనకోసం కుట్టిన తాత్యా చొక్కా వేసుకుని చూసుకోవడానికి వచ్చాడట. కళ్ళు తుడుచుకుంటూ చొక్కా నా చేతిలో పెట్టి, "ఇది నావల్ల కాదు. మా ఇంట్లో అందరూ తాళంచెవి జాగ్రత్తగా పెట్టుకునేవాళ్ళే" అన్నాడు. పాపం, మంచి మనిషని ముందే రాశానుగా.

దాతార్ సాహెబ్ కొబ్బరికాయ కొట్టి ముక్క నా చేతిలో పెట్టి, "యాభయ్యో ఆట సాంగ్లీలో వేస్తాం. మీ ఆజీకి ముందు వరస. ఆవిడ చేతుల్లో ఏమీ ఉండకూడదు" అన్నారు. జూలై 5, ఆదివారం, నాలుగింటికి. తాత్యా నాది, ఆజీ. నాదే.

గొడుగు తేకు.

నీ తాత్యా

*

సాంగ్లీ,
26 ఏప్రిల్ 1998

చిరంజీవి మోరూకు ఆజీ అనేక, అనేక ఆశీర్వాదాలు.

జూలై అయిదున సాంగ్లీలో గొడుగు లేకుండా రమ్మనే మనిషి ఈ కృష్ణానది ఒడ్డున పెరగలేదని ఎవరైనా అనుకుంటారు. తడుస్తూ వస్తాను. తల తుడుచుకోవడానికి తువ్వాలు తెస్తాను, దాంతో సైగలు చేయనని మీ దాతార్ సాహెబ్‌కు రాసిచ్చినా సరే.

నీ ఉత్తరం లిమయే వహినికి చదివి వినిపించాను, తర్వాత ఆవిడ నాకు చదివి వినిపించింది. వామన్ ఖరే దారిలో ఆపి, "బాయీ, ఈసారి ఎక్కడెక్కడ నవ్వాలి?" అని అడిగాడు. వాడి ఇష్టమన్నాను. యాభై ఒక్క ఏళ్ళవాడు బెంబేలెత్తిపోయాడు. రెండు రోజులుగా ఇంట్లో సాధన చేస్తున్నాడని వాళ్ళావిడ చెప్పింది.

నిన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. మార్కెట్‌నుంచి వచ్చాను. ఒక చేతిలో మామిడికాయల సంచీ, ఇంకో చేతిలో కూర, చంకలో గొడుగు. తాళంచెవి సంచీ అడుగున ఎక్కడో ఉంది. గుమ్మంముందు నిలబడి మోచేత్తో గంట కొట్టాను. ఎందుకు కొట్టానో నాకు తెలియదు. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో నేను తప్ప తలుపు తీసేవాళ్ళు లేరు. గంట మోగింది. "ఆ, వస్తున్నా" అన్నాను.

పైకే అన్నాను. లిమయే వహిని గోడ అవతల పొట్ట పట్టుకుని కూర్చుండిపోయింది. నేను మామిడికాయలు మెట్టుమీద పెట్టి, ఆయన నిలబడే చోటే కూర్చుని నవ్వాను. చాలాసేపు.

గొడుగు చంకలోనే ఉంది.

నీ ఆజీ